నాలుగున్నర వేల ఏళ్ళ నాటి పేడ!

పేడ అండీ, పేడ! ఆవుపేడ! నాలుగున్నర వేల ఏళ్ళు దాటిన ఆవుపేడ గురించి చదివి నాకు నిద్ర పట్టడం లేదు. ఇంట్లోవాళ్ళు నన్ను అదోలా చూస్తున్నారు. చూస్తే చూడనీండి! ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరని ఒక ఊరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు సుమా, ఇది వేరు. అక్కడొక బూడిద దిబ్బ. ఇలాంటివి మన రాయలసీమలోనూ, పక్కన బళ్ళారి, రాయచూరు వైపూ బోలెడున్నాయట. లోపలంతా బూడిద, మసి, అక్కడక్కడ కరిగి గడ్డకట్టి గరగరలాడే గాజు ముద్దలు. ఇదేమిటో తెలీక నూరేళ్ళకు పైగా పెద్దపెద్దవాళ్ళే తలలు బద్దలు కొట్టుకున్నారు. అగ్నిపర్వతమన్నారు. ఇనుము కరిగించిన చోటన్నారు. గుంపులు గుంపులుగా శవాలను దహనం చేసిన చోటన్నారు. చుట్టుపక్కల జనం మాత్రం రాక్షసుడి చితాభస్మం అని ఒక్క ముక్కలో తేల్చేశారు!

1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను తవ్వించాడు. గబగబా గునపాలతో కాదు. చేతిలో ఇమిడే తాపీతో, బ్రష్షుతో, పొర తరవాత పొర. బూడిద. దాని కింద కాలని పేడ. మళ్ళీ బూడిద. మళ్ళీ పేడ. ఆ పొరల మధ్య, గట్టిపడిన నేల మీద, ఏం కనిపించిందో తెలుసా?

ఆవుల గిట్టల గుర్తులు!

నాలుగున్నర వేల ఏళ్ళ కిందట ఏదో సాయంత్రం మంద దొడ్లోకి వచ్చి తొక్కిన గుర్తులు! అవి ఎరుపో తెలుపో తెలీదు, తోలినవాడి పేరు తెలీదు, వాడు ఏ భాషలో అదిలించాడో అసలే తెలీదు. కాలు పెట్టిన చోటు మాత్రం తెలుసు! అది చదివి నేను పుస్తకం మూసి ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చాను.

ఇంకా ఉంది. దిబ్బ చుట్టూ వరసగా, మట్టి రంగు మారిన మచ్చలు కనబడ్డాయట. అవి దుంగలు పాతిన గుంతలు! కర్ర ఎప్పుడో కుళ్ళిపోయింది, కాలిపోయింది. గుంతలో చేరిన మట్టి మాత్రం చుట్టూ ఉన్న మట్టిలో కలిసిపోలేదు. ఆ మచ్చలన్నిటినీ కాగితం మీద చుక్కలుగా పెట్టి కలిపితే... పశువుల దొడ్డి! రెండు వరసల కంచెతో! లేని కర్రను చూశారండీ వీళ్ళు! ఉన్న కళ్ళద్దాలే కనిపించక ఇల్లంతా వెతుక్కునే నాలాంటిదానికి ఇది ఎంత ఆశ్చర్యమో మీరే ఊహించుకోండి.

పేడను కావాలనే తగలబెట్టేవారట. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. పేరుకున్న పేడంతా ఒక్కసారి అంటుకుంటే ఆ వేడికి అందులోని గడ్డి సారం కరిగి గాజులా గడ్డకట్టింది. అందుకే అగ్నిపర్వతమని భ్రమపడ్డారు. లండన్‌లో జ్యూనర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి దిబ్బల బూడిదను పరీక్షించి, ఇది ముమ్మాటికీ పశువుల పేడే అని తేల్చాడు. ఎందుకు తగలబెట్టారు? ఆల్చిన్ ఏమన్నాడంటే, ఇది పండగ కావచ్చు! హోలీ, దీపావళి, సంక్రాంతి మంటలతో పోల్చి చూశాడు. కర్ణాటక పల్లెల్లో ఇప్పటికీ సంక్రాంతికి పశువులను మంట మీదుగా దాటిస్తారు కదా! ఇది రుజువు కాదు, ఊహే. కానీ ఎంత అందమైన ఊహ! మా వీధిలో భోగిమంట వేసేటప్పుడు ఇకమీదట నేను ఊరికే నిలబడలేను.

సరే, నాకీ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

మా ఇల్లు అడిక్‌మెట్. ఫ్లైఓవర్ అవతల ఉస్మానియా క్యాంపస్. ఏళ్ళ తరబడి పొద్దుటి నడక ఆర్ట్స్ కాలేజీ ముందే. 1939లో తెరిచిన ఆ గులాబీ రంగు రాతి భవనాన్ని చూసి ముచ్చటపడడం, ఫొటో తీయడం, ఇంటికి రావడం. అందులో ప్రాచీన చరిత్రకూ పురావస్తు శాస్త్రానికీ ఒక విభాగం ఉందనీ, రాతితోనే సంసారం చేసిన మనుషుల గురించి అక్కడ పాఠాలు చెబుతారనీ నాకు తెలిస్తే ఒట్టు! నా వరకు చరిత్రంటే రాజులు, యుద్ధాలు, శాసనాలు. చరిత్రపూర్వమంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం. అంటే డైనోసార్లు! వాటికీ మనిషికీ మధ్య కోట్ల ఏళ్ళ ఎడం ఉందన్న సంగతి కూడా నా బుర్రకు ఈమధ్యే ఎక్కింది.

మా పై వాటాలోకి ఎం.ఏ. చదివే అమ్మాయి ఒకతె అద్దెకు దిగింది. ఓ ఆదివారం మేడ మీద టక్, టక్, టక్. వడియాలు ఎండబెట్టుకుందామని పైకి వెళ్తే, పాత గోనెసంచి పరుచుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రాయితో రాయిని కొడుతోంది!

"జరుగుండ్రి ఆంటీ, పెచ్చు ఎగిరి కంట్ల పడ్తది!"

ఏం చేస్తున్నావే అంటే రాతి పనిముట్టు చేస్తున్నానంది. రాతియుగం వాళ్ళు ఎలా చేసేవారో తెలియాలంటే పుస్తకం చదివితే చాలదట, చేసి చూడాలట. ప్రపంచమంతా పెద్దపెద్ద ప్రొఫెసర్లు కూడా ఇలాగే కూర్చుని రాళ్ళు కొట్టుకుంటారట! వేళ్ళు చితగ్గొట్టుకుంటారట! ఆహా, ఎంత బాగుంది ఈ చదువు!

అప్పుడే రాలిన ఒక పెచ్చు నా చేతిలో పెట్టింది. క్వార్ట్‌జైట్. ఎండకు గోరువెచ్చగా ఉంది. "ఇట్ల పక్కకు తిప్పి చూడండి" అంది. తిప్పాను. దెబ్బ తగిలిన అంచున చిన్న చదునైన చోటు. దాని కింద బొటనవేలు సరిగ్గా ఆనేంత బుడిపె. ఆ బుడిపె నుంచి, చెరువులో రాయి వేస్తే అలలు సాగినట్టు, వంపు తిరిగిన గీతలు. ఇక అంచు! వేలు అలా ఆనించానో లేదో చర్మం తెగింది. మా వంటింటి కత్తిపీట కూడా అంత పదునుండదు. నేను అక్కడే దొండకాయ తెప్పించి కోసి చూశాను. సన్నటి చక్రాలు! వడియాల సంగతి ఎవరికి గుర్తుంది?

ఆ చదును, ఆ బుడిపె, ఆ అలలు. ఇవే సాక్ష్యాలట! ఎండకు పగిలిన రాయికి, వాగులో దొర్లి విరిగిన రాయికి సాధారణంగా ఇవి ఇలా ఒక్కచోట కుదరవు. మనిషి గురిచూసి కొడితే వస్తాయి. ఒక్క పెచ్చయితే అనుమానపడొచ్చు. కానీ ఒకే చోట వందలు దొరికి, ఒకదానికొకటి అతికించి చూస్తే అసలు గుండు మళ్ళీ తయారైతే? మొదటి దెబ్బ ఎక్కడ, తరవాతి దెబ్బ ఎక్కడ అన్నీ బయటపడతాయి! కొట్టినవాడి ఆలోచన వరస పెచ్చుల్లో మిగిలిపోయింది!

పాత రాతియుగం నాటి ఇలాంటి రాయిని మన దేశంలో మొదట గుర్తుపట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భూగర్భ సర్వేలో ఉద్యోగి. 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకర గుంతలో ఒక రాయి తీసి, ఇది మనిషి చెక్కింది అన్నాడు. అప్పటిదాకా దానిమీద ఎంతమంది నడిచిపోయారో! ఇదే ఫుట్ 1884లో కొడుకును వెంటబెట్టుకుని మన కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో దిగి తవ్వాడు. ఆ చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమానుగవి అనే గుహలో 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి తవ్వితే జంతువుల ఎముకలతో చేసిన పనిముట్లు దొరికాయి. ముచ్చట్ల చింతమానుగవి! ఆ పేరు నోట్లో తిరుగుతూనే ఉంది నాకు, పొద్దుట్నుంచి.

బాగానే ఉంది, రాయి మనిషి చెక్కిందే. ఎప్పుడు చెక్కాడు? రాయి మీద తారీకు ఉండదు కదా! నాకు తోచిన మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచింది.

బొగ్గు, ఎముక, గింజ లాంటివి దొరికితే కార్బన్ డేటింగ్. ప్రాణమున్న ప్రతిదానిలో ఒక రకం కార్బన్ కొద్దిగా ఉంటుంది, చచ్చాక అది తగ్గుతూ పోతుంది, 5,730 ఏళ్ళకు సగమవుతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే వయసు. దీన్ని కనిపెట్టిన విల్లర్డ్ లిబ్బీకి 1960లో నోబెల్ ఇచ్చారు. ఇదీ గొప్పదే. కానీ దాదాపు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదట.

అప్పుడేం చేస్తారు? ఇసుకను అడుగుతారు!

నిజం! ఇసుక రేణువు చివరిసారి ఎండ ఎప్పుడు చూసిందో చెబుతుందట! మట్టిలో కప్పబడిపోయిన రేణువు చుట్టూ ఉన్న సహజమైన రేడియేషన్‌ను కొద్దికొద్దిగా కూడబెట్టుకుంటుంది. ఎండ తగిలితే ఆ మూట మొత్తం ఖాళీ. అందుకని తవ్విన గోడలోకి ఇనుప గొట్టం దిగ్గొట్టి, వెలుగు సోకకుండా మట్టి తీసి, రెండు చివరలా మూసి, ఎర్ర దీపం మాత్రమే వెలిగే చీకటి గదిలో తెరుస్తారు. అక్కడ దానిమీద వెలుగు వేస్తే రేణువు మినుకుమంటుంది. ఆ మినుకు ఎంతో కొలిచి, ఎన్నేళ్ళు చీకట్లో ఉందో లెక్క కడతారు. ఇసుక రేణువు! మినుకుమని! నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

దీన్ని మన దగ్గరే వాడారు. నంద్యాల జిల్లా జ్వాలాపురం. జుర్రేరు వాగు లోయ. అక్కడ తెల్లటి బూడిద మందంగా పరుచుకుని ఉంది. ఇది మాత్రం పేడ కాదు, ఈసారి నిజంగానే అగ్నిపర్వతం! ఎక్కడిదనుకున్నారు? ఇండోనేషియా సుమత్రా దీవిలోని టోబా! సుమారు 74,000 ఏళ్ళ కిందట బద్దలై, 2,500 కిలోమీటర్లకు పైగా గాల్లో ఎగిరొచ్చి, మన సీమ పల్లెలో వాలింది! జనం ఆ బూడిదను తవ్వి అమ్ముకుంటూ ఉంటే, ఆ గుంతల్లో పొరలు బయటపడ్డాయి. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం తవ్వి చూసింది. బూడిద కింద రాతి పనిముట్లు. బూడిద పైనా రాతి పనిముట్లు! దాదాపు ఒకే తీరువి! 2007లో సైన్స్ పత్రికలో వేశారు. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసి, పచ్చదనం మాడిపోయి ఉంటుందనుకున్న కాలాన్ని కూడా ఎవరో తట్టుకుని బతికారు. ఎవరు? మనలాంటి మనుషులేనా, అంతకు ముందటి వేరే మానవజాతా? దీనిమీద పండితులు ఇప్పటికీ కీచులాడుకుంటూనే ఉన్నారు. ఆ కీచులాట నాకు మహా ఇష్టంగా ఉంది. అన్నీ తెలుసనేవాళ్ళతో ఏం మాట్లాడతాం చెప్పండి?

అక్కడికి దగ్గర్లోనే ఒక రాతి చరియ కింద చిటికెన వేలి గోరంత పనిముట్లు దొరికాయట, 35,000 ఏళ్ళ నాటివి మొదలుకుని. కర్రకు వరసగా అతికించి బాణాలుగా, కత్తులుగా వాడే చిట్టి రాళ్ళు. వీటికోసం తవ్విన మట్టినంతా జల్లెడ పడతారు. మట్టి పారబోయడం అనే మాటే లేదు వీళ్ళ దగ్గర!

మట్టంటే గుర్తొచ్చింది, ఉలవల సంగతి చెప్పలేదు కదూ!

పాత ఊళ్ళలో తవ్విన మట్టిని నీళ్ళ బకెట్లో పోసి కలుపుతారు. బరువైన మట్టి అడుక్కి దిగుతుంది. పైకి నల్లటి నలుసులు తేలతాయి. వాటిని పల్చటి గుడ్డలో వంచి, నీడన ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద పెడితే... గింజలు! కొత్త రాతియుగం నాటి వంటలో మాడిపోయిన గింజలు! మాడాయి కాబట్టే పురుగు ముట్టలేదు, కుళ్ళలేదు, మిగిలాయి. ఏ గృహిణి అయినా పొయ్యి మీద గిన్నె మరిచిపోయినందుకు సైన్స్ ఇంత రుణపడి ఉంటుందని ఎవరనుకుంటారు? డోరియన్ ఫుల్లర్ అనే ఆయన మన కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి చోట్ల నుంచీ, కర్ణాటక నుంచీ మట్టి తీసి ఇలా తేల్చి చూశాడు. ఏం తేలాయి? ఉలవలు! పెసలు! అండు కొర్రలు! వరి ఊసే పెద్దగా లేదు. మిరపకాయ సంగతి సరేసరి, అది సముద్రం దాటి వచ్చి 500 ఏళ్ళు దాటి ఉంటుందంతే. అంటే మా ఇంట్లో మొన్న కాచిన ఉలవచారుకు వేల ఏళ్ళ ముందు నుంచీ వంశవృక్షం ఉందన్నమాట! మా ఆయన రెండో గరిటె వేసుకుంటూ, అప్పట్లో దీంట్లోకి మీగడ ఉండేదా అని అడిగారు. ఆవులున్నాయి కదండీ, గిట్టల గుర్తులే ఉన్నాయి!

ఇప్పుడు తార్నాక.

మెట్రోలో మీరు ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. తార్నాక, తరవాత హబ్సిగూడ, తరవాత ఎన్‌జీఆర్‌ఐ. కిటికీలోంచి చూస్తే చెట్లు, ప్రహరీ గోడలు, ప్రభుత్వ బోర్డులు. ఆ గోడల్లో ఒకదాని వెనక సీసీఎంబీ. కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం అని తెలుసు, కరోనా రోజుల్లో పేపర్లో రోజూ చదివాం. కానీ అక్కడికి వేల ఏళ్ళ నాటి ఎముకలు వస్తాయని తెలుసా మీకు? నాకు తెలీదు! రోజూ ఆ గోడ పక్కనుంచి వెళ్ళి కూడా తెలీదు!

హర్యానాలో రాఖీగఢీ. సింధు నాగరికత నాటి మహానగరం. అక్కడి శ్మశానంలో తవ్వితీసిన అస్థిపంజరాల నుంచి 61 నమూనాల పొడిని ఈ హబ్సిగూడ సీసీఎంబీలోని శుభ్రమైన గదుల్లో తీశారు. ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు నెత్తి నుంచి కాలిదాకా కప్పుకోవాలి. ఎందుకంటే ఒక్క తుమ్ము, ఒక్క వెంట్రుక, ఒక్క చెమట చుక్క పడిందా, రాఖీగఢీ మనిషి డీఎన్‌ఏకు బదులు సైంటిస్టు గారి డీఎన్‌ఏ వస్తుంది! ఎముకల్లో కూడా చెవి లోపల ఉండే గట్టి ఎముకంటే వీళ్ళకు ప్రాణం. శరీరంలో అంత దట్టమైన ఎముక ఇంకోటి లేదట, డీఎన్‌ఏ అందులోనే బాగా దాక్కుంటుందట. అయినా మన ఎండలు ఊరుకుంటాయా? వేడికి, తేమకు డీఎన్‌ఏ తునాతునకలవుతుంది. 61లో పనికొచ్చింది ఎన్నో తెలుసా?

ఒకటి. ఒకే ఒక్కటి!

మిగతా 60 నోరు విప్పలేదు. ఆ ఒక్కరూ బహుశా స్త్రీ. క్రీ.పూ. 2800-2300 మధ్య బతికిన మనిషి. 2019 సెప్టెంబరులో సెల్ పత్రికలో ఆమె గురించి వచ్చింది. గడ్డి మైదానాల పశుపాలకుల వారసత్వం ఆమెలో లేదని తేలింది. దేశమంతా టీవీల్లో అరుచుకున్నారు. ఆ అరుపులు నాకెందుకు? నేను ఇంకో లెక్క వేసుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమె కాలమూ, ఉట్నూరు గిట్టల కాలమూ దాదాపు ఒకటే! అక్కడ ఇటుకల మేడలు, మురుగు కాలువలు. ఇక్కడ దుంగల దొడ్డి, పేడ మంట. ఆమెకు ఈ దొడ్డి గురించి తెలీదు. ఈ కాపరికి ఆ నగరం సంగతి తెలీదు. ఇద్దరి గురించీ తెలిసింది మనకి!

చచ్చినవాళ్ళనే కాదు, బతికున్నవాళ్ళనూ చదువుతారు. ఇదే సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, కె. తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో 25 జనసమూహాల రక్తం పరిశీలించి, ఈ దేశంలో దాదాపు అందరం రెండు ప్రాచీన జనాల కలయికలమే అని చూపించారు. మీ వేలు గుచ్చి తీసిన చుక్కలో చరిత్రపూర్వం ఉంది! షుగరు టెస్టుకు ఇచ్చేటప్పుడు కాస్త గౌరవంగా ఇవ్వండి.

తార్నాక నుంచి లాలాపేట మీదుగా మౌలాలి పోండి. ఆటోకి పెద్ద దూరం కాదు. గుట్ట మీద దర్గా అందరికీ తెలుసు. ఆ పరిసరాల్లో ఇనుప యుగం నాటి సమాధులు ఉండేవనీ, 1930ల్లో నిజాం పురావస్తు శాఖ వాటిని తవ్వి చూసిందనీ ఎంతమందికి తెలుసు? గుండ్రంగా పేర్చిన బండరాళ్ళు, మధ్యలో భూమి కింద రాతి పలకలతో పెట్టె, పైన భారీ మూతరాయి. లోపల ఎముకలు, ఇనుప వస్తువులు, కుండలు. తెలంగాణ పల్లెల్లో వీటిని రాక్షస గుళ్ళంటారు. మనిషన్నవాడు అంత రాయి ఎత్తలేడు కాబట్టి రాక్షసులే కట్టారని. న్యాయమే! సిద్దిపేట దగ్గర నర్మెట్టలో 2017లో బయటపడిన మూతరాయి బరువు 40 టన్నుల పైమాట. దాన్ని లేపడానికి ఇప్పుడు క్రేను కావాల్సి వచ్చింది!

ఆ కుండలు ఎలా ఉంటాయో చూశారా? బయట ఎరుపు, మూతి దగ్గరా లోపలా నలుపు, నునుపుగా నిగనిగలాడుతూ. రెండు రంగులు వేయలేదట! కుండను బోర్లించి కాల్చితే లోపల గాలి ఆడక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. పెంకు ముక్క చూసి, ఆ రోజు కుండ బట్టీలో ఏ వైపు తిరిగి కూర్చుందో చెప్పేస్తారు! కొన్నిటి మీద గీసిన గుర్తులు కూడా ఉంటాయి. నిజాం పురావస్తు శాఖ మొదటి అధిపతి గులాం యజ్దానీ 1917లోనే వాటిమీద వ్యాసం రాశాడు. అవి అక్షరాలా, ఇంటి గుర్తులా, కుమ్మరి ముద్రలా? చదవగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

యజ్దానీ తరవాత ఇంకొకాయన, ఇ.హెచ్. హంట్. వృత్తిరీత్యా వైద్యుడు. రోగులను చూసుకుంటూనే భువనగిరి పక్కన రాయగిరిలో ఈ సమాధులు తవ్వి, 1924లో లండన్ పత్రికలో వ్యాసం వేయించాడు. యాదాద్రికి రైల్లో వెళ్ళేవాళ్ళు దిగే స్టేషను ఇదే! దర్శనానికి వెళ్తూ ఎన్నిసార్లు దిగి ఉంటామో అక్కడ, కొబ్బరికాయల బేరం తప్ప ఇంకో ధ్యాస లేకుండా!

కోపమొచ్చే సంగతి కూడా ఒకటుంది. గుప్తనిధుల పిచ్చిలో రాత్రికి రాత్రి ఈ సమాధులను పెళ్ళగించేవాళ్ళున్నారు. నిధి ఎక్కడుంటుందండీ? ఉండేవి కుండపెంకులు, తుప్పు పట్టిన ఇనుము, పూసలు, ఎముకలు. మా పై వాటా అమ్మాయి అంటుంది, "బంగారం దొరికితె మాకు తలనొప్పి ఆంటీ, పోలీసులు, కాగితాలు. మాడిన గింజ దొరికితె పండుగ!" ఒకసారి పొరలు కలబెట్టేశాక ఆ గింజ ఏ కాలానిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. వస్తువు ఒక్కటే చాలదు, అది ఏ పొరలో, దేని పక్కన, ఏ లోతులో ఉందో కావాలి. అందుకే తవ్వేటప్పుడు ప్రతి ముక్కకూ కొలత, ఫొటో, చీటీ, సంచి. అందుకే గుట్టల మీద మీకు వింత రాయి కనిపిస్తే జేబులో వేసుకోకండి! ఉన్నచోటే ఉంచి ఫొటో తీసి, పురావస్తు శాఖకో, యూనివర్సిటీలో చదివే పిల్లలకో చెప్పండి. నేను దొండకాయ కోసిన పెచ్చు ఆ అమ్మాయి స్వయంగా కొట్టింది కాబట్టి దోషం లేదు.

మీరూ చూడండి! దయచేసి చూడండి! నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం ఉంది. తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. అందరూ ఈజిప్టు మమ్మీ దగ్గర గుమిగూడతారు. ఆవిడను పలకరించి, రాతి పనిముట్ల అద్దాల పెట్టె దగ్గరకు రండి. ఆ బుడిపె కోసం, ఆ అలల కోసం వెతకండి. ఒక్కసారి కన్ను పడిందా, ఇక రోడ్డు పక్క కంకర కుప్ప కూడా మిమ్మల్ని వదలదు. నేను మొన్న అడిక్‌మెట్ చౌరస్తాలో కంకర ముందు వంగి కూర్చుంటే, పాపం ఎవరో, "ఏమైనా పోగొట్టుకున్నారా అమ్మా?" అని అడిగారు.

ఇక ముడుమాల్! నారాయణపేట జిల్లా, కృష్ణ ఒడ్డున. 12 నుంచి 14 అడుగుల ఎత్తు నిలువురాళ్ళు దాదాపు 80, చుట్టూ వేలాది చిన్న రాళ్ళ వరసలు! నిలబెట్టి మూడు వేల ఏళ్ళ పైమాటే. సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ చివరిదాకా జరిగి వెనక్కి తిరిగే రోజుల్లో కొన్ని వరసల వెంట సరిగ్గా పొద్దు పొడుస్తుందని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు గమనించారు. ఒక బండ మీద గుంటలు తొలిచి ఉంటే, అవి సప్తర్షి మండలమని గుర్తుపట్టారు! ఆకాశాన్ని రాతి మీదికి దించారు! ఊరి జనం ఆ రాళ్ళకు నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు. అందుకే కాబోలు ఇన్నాళ్ళూ నిలిచాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది.

డిసెంబరు 21న తెల్లవారేసరికి అక్కడ ఉండాలని మేమంతా నిర్ణయించుకున్నాం. ముందు రాత్రే బయల్దేరతాం. మా ఆయన ఫ్లాస్కు, దుప్పట్లు సర్దే పనిలో పడ్డారు. పై వాటా అమ్మాయి క్లాస్‌మేట్లు నలుగురు వస్తున్నారు. బండిలో ఇంకా రెండు సీట్లు ఖాళీ. పులిహోర నాది, పెరుగన్నం ఎవరైనా తేవాలి. చెప్పండి, వస్తారా?